జీతంలో లేని పని: మంత్రాలయం నుంచి ముంబై తాజ్ దాకా

ఈరోజు ఎపిసోడ్ హోటళ్ల గురించి. ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఎక్కడ బాగుంటుంది అనే వీడియో అనుకుంటే సారీ, అది ఇంకోసారి చేద్దాం. ఈరోజు ఆ ప్లేట్ తెచ్చి పెట్టే మనిషి గురించి మాట్లాడుకుందాం.

ఒకటి ఆలోచించండి. రాత్రి పదకొండయింది. బస్సు లేటు. ఇంట్లో పెద్దామెను తీసుకుని మంత్రాలయంలో దిగినారు. హోటల్‌లో వంటిల్లు మూసేసినారు. అయినా ఒక పిల్లోడు లోపలికి పోయి, ఉన్న అన్నంలో ఇంత పెరుగు కలిపి తెచ్చి, "అవ్వా, తినండి" అని పెడతాడు. బిల్లులో అన్నానికి రేటు ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది. ఆ పిల్లోడు లోపలికి పోయి కలిపి తెచ్చిన దానికి మాత్రం లైన్ ఉండదు. అతని జీతంలో కూడా ఆ పనికి లెక్క లేదు. మరి ఎందుకు చేసినాడు?

హోటల్ బిజినెస్ మొత్తం ఈ "ఎందుకు" మీదే నడుస్తుంది. రూములు, ఏసీలు ఎవరైనా పెట్టొచ్చు. మళ్లీ అదే హోటల్‌కి మనం పోయేది మాత్రం ఆ పెరుగన్నం కోసమే. అందుకే కంపెనీలు వందేళ్లుగా ఒకటే ప్రయత్నం చేస్తున్నాయి: జీతంలో లేని ఈ పనిని జనాల దగ్గర నుంచి ఎట్లా రాబట్టాలి? దానికి పెట్టుకున్న స్టైలిష్ పేరే టాలెంట్ మేనేజ్‌మెంట్. దీని చరిత్ర మన ఆదోని నుంచే మొదలుపెట్టొచ్చు. నిజంగానే.

ఆదోని దివాన్ వెంకన్న

మన పక్క ఈ కథ తెలియని ఇల్లు ఉండదు. అయినా బయటి ఊళ్ల వాళ్ల కోసం చెప్తా. మఠం సంప్రదాయంలో చెప్పే కథ ఇది. వెంకన్న అని ఒక అనాథ పిల్లోడు, పశువులు కాసుకుంటూ బతుకుతుంటాడు. అక్షరం ముక్క రాదు. ఒకరోజు రాఘవేంద్ర స్వాముల వారు కనిపిస్తే తన కష్టం చెప్పుకుంటాడు. "ఆపదలో నన్ను తలుచుకో" అని స్వామి దీవిస్తారు. కొన్నాళ్లకు ఆదోని నవాబు ఆ దారిలో వస్తాడు. అప్పుడే ఆయనకు ఒక లేఖ అందుతుంది. చదివేవాళ్లు పక్కన లేరు. ఎదురుగా ఉన్నది ఈ పిల్లోడే. చదువురాదు అంటే నవాబు నమ్మడు, చదవకపోతే శిక్ష అంటాడు. వెంకన్న స్వామిని తలుచుకుని లేఖ అందుకుంటాడు, గడగడా చదివేస్తాడు. అందులో శుభవార్త ఉంటుంది. నవాబు ఖుషీ అయిపోయి వెంకన్నను తీసుకెళ్తాడు, అతను దివాన్ అవుతాడు.

తర్వాత సంగతి కూడా తెలిసిందే. అప్పట్లో ఆదోని బీజాపూర్ ఆదిల్‌షాహీల కింద ఉంది, పాలకుడు సిద్ది మసూద్ ఖాన్. ఆయన ఊరు ఇస్తానంటే స్వామి మంచాల అడిగారు. సారవంతమైన ఊళ్లు వేరే ఉన్నాయి, అవి తీసుకోండి అన్నా, మంచాలే కావాలన్నారు. ఆ మంచాలే ఇప్పటి మంత్రాలయం. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేశారు. ఆ బృందావనం కట్టించే పని చూసింది వెంకన్నే అని సంప్రదాయం.

భక్తులకి ఇది మహిమ. దాని జోలికి నేను పోను. చరిత్ర చదివేవాడిగా నాకు ఇందులో రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, ఆ కాలంలో పశువులు కాసే పిల్లోడి తలలో ఏముందో కనిపెట్టే పద్ధతి రాజ్యం దగ్గర ఏదీ లేదు. నవాబుకి అవసరం పడింది, అక్కడ ఇంకెవరూ లేరు, అందుకే అతన్ని అడిగాడు. అడగకపోయి ఉంటే వెంకన్న జీవితాంతం పశువులే కాసేవాడు. రెండు, దివాన్ అయినాక వెంకన్న గురువు కోసం చేసిన పని జీతం కోసం చేసింది కాదు. తనని మనిషిగా చూసి మాట్లాడిన వాళ్లకి తిరిగి ఇచ్చింది. ఈ రెండు పాయింట్లూ గుర్తుపెట్టుకోండి. మిగతా చరిత్రంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

సేవ అనే మాటకి రెండు అర్థాలు

హోటల్ అనే మాట రాకముందు మనకి సత్రాలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ దాకా పోయి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చినాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రని ఇప్పటి భాషలో ట్రావెల్ వ్లాగ్ అనొచ్చు. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఇవన్నీ రాసుకుంటూ పోయాడు. అప్పట్లో ప్రయాణికుడికి ప్రాణాధారం ఇవే.

సత్రం ఎట్లా నడిచేది? రాజో, జమీందారో, వ్యాపారస్తుడో భూమి రాసిచ్చేవాడు. ఆ భూమి పంటతో వంట జరిగేది. కోనసీమలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) లాంటి వాళ్లు ఏ రాజ పోషణా లేకుండా సొంత ఇంట్లోనే వేళ కాని వేళలో వచ్చిన వాళ్లకి కూడా వండి పెట్టారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరు మీదే ఉంది. ఆ రాత్రి పదకొండు గంటల పెరుగన్నం ఉందే, దానికి మన భాషలో ఆదర్శం ఆమే.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. సేవ అనే మాటకి రెండు అర్థాలు. 2000లో టీటీడీ శ్రీవారి సేవ మొదలుపెట్టింది. రకరకాల ఊళ్ల నుంచి జనం గుంపుగా తిరుమల వస్తారు, కొన్ని రోజులు క్యూలలో, అన్నప్రసాదం దగ్గర ఫ్రీగా పని చేస్తారు, సంతోషంగా ఇంటికి పోతారు. అది సేవ. ఎందుకంటే వాళ్లు రావడం, పోవడం వాళ్ల ఇష్టం. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగడానికి దీంతో సంబంధం లేదు.

అదే వంటశాలలో ఏడాది పొడుగునా గంగాళాలు మోసేవాళ్లు, లాడ్జిలో దుప్పట్లు మార్చేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి వారం తర్వాత ఇంటికి పోయే ఆప్షన్ లేదు. మంత్రాలయంలో గురువారం రద్దీ చూసినారు కదా? శ్రావణంలో ఆరాధన ఉత్సవాలప్పుడు ఎంత జనమో తెలుసు కదా? కర్ణాటక, తెలంగాణ, తమిళనాడు, మహారాష్ట్ర, అన్ని చోట్ల నుంచీ వస్తారు. యాత్రికుడికి అది పండగ. రూమ్ బాయ్‌కి డబల్ డ్యూటీ. ఆ డబల్ డ్యూటీని కూడా "స్వామి సేవ అనుకో" అని ఓనర్ అంటే, అక్కడ మాట మారిపోయింది. భక్తుడి మాటని తీసుకెళ్లి కూలి లెక్కలో పెట్టేసినారు. పాత కాలంలో ఇంకా ఘోరం, చాలా సేవలు పుట్టుకతో వచ్చేవి. తండ్రి మోస్తే కొడుకు మోయాల్సిందే. దాన్ని స్వచ్ఛందం అని ఎట్లా అంటాం?

మఠం వంటిల్లు హోటల్ అయింది

ఇక సీన్ 20వ శతాబ్దంలోకి. మంత్రాలయం మఠం లాగానే ఉడుపి మఠాలు కూడా మధ్వ సంప్రదాయం. అక్కడ రోజూ వందల మందికి పంక్తి భోజనం. ఒకేసారి అంతమందికి వండటం, వేడిగా వడ్డించటం, ఆకు తీసి మళ్లీ పంక్తి వేయటం: ఇదొక స్కిల్. ఆ స్కిల్ నేర్చుకున్న కుర్రాళ్లు, పొలం లేక, పనిలేక మద్రాస్, బెంగళూరు, బొంబాయి పోయినారు. అట్లా పుట్టిందే ఉడుపి హోటల్.

కడందలె కృష్ణారావు కథ చూడండి. పేద ఇంట్లో పుట్టి, వంటింట్లో చిన్న పనులతో మొదలై, మద్రాస్‌లో హోటల్ పనివాడిగా చేరి, చివరికి 1938లో వుడ్‌ల్యాండ్స్ పెట్టినాడు. రుబ్బురోలు దగ్గర మొదలైన మనిషి హోటల్ ఓనర్ అయ్యాడు. ఉడుపి హోటల్లో ఒక నిచ్చెన ఉండేది. మొదట గిన్నెలు కడగడం, తర్వాత పప్పు రుబ్బడం, తర్వాత సప్లయర్, తర్వాత క్యాష్ కౌంటర్, అదృష్టం బాగుంటే సొంత హోటల్. హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్ లేదు, అప్రైజల్ ఫామ్ లేదు. ఓనరే ఒకప్పుడు ఆ రోలు దగ్గర కూర్చున్నాడు కాబట్టి ఎవడి చెయ్యి ఎట్లాంటిదో కంటితోనే తెలిసేది. కుర్రాడు రాత్రి ఎక్స్‌ట్రా గంట ఎందుకు నిలబడేవాడు? రేపు ఆ కౌంటర్‌లో తను కూర్చోవచ్చని.

ఇదొక్కటే చెప్పి ఆపేస్తే మోటివేషన్ రీల్ అయిపోతుంది. అసలు చరిత్ర ఇంకొంచెం ఉంది. ఆ నిచ్చెన అందరికీ లేదు. వంటింట్లోకి ఎవరు రావాలో కులం నిర్ణయించేది. చాలా చోట్ల కూర్చునే చోటు కూడా కులమే నిర్ణయించేది. 1957లో మద్రాస్ ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ముందు పెరియార్ మనుషులు ఉద్యమం చేసింది బోర్డు మీద "బ్రాహ్మణ హోటల్" అన్న మాట గురించే. అంటే టాలెంట్ అనేది కనిపెట్టాలంటే ముందు తలుపు తెరవాలి. తలుపు కొందరికే తెరిచి, "మా దగ్గర టాలెంట్‌కి గౌరవం ఉంది" అంటే లెక్క తప్పినట్టే.

ఇంకొకటి. నిచ్చెన ఎక్కినవాళ్ల పేర్లు మనకు తెలుసు. కప్పులు కడుగుతూ కడుగుతూనే చిన్నతనం అయిపోయిన పిల్లల పేర్లు ఎవరికీ తెలీదు. హోటళ్లు, ధాబాల్లో 14 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోకూడదు అని కేంద్రం నిషేధం అమల్లోకి తెచ్చింది 2006 అక్టోబర్ 10న. స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు 60 ఏళ్లకి. ఆ మధ్యలో ఎన్ని లక్షల గ్లాసులు ఆ చిన్న చేతులు కడిగుంటాయో ఊహించుకోండి.

ఇదే నిచ్చెన పెద్ద హోటళ్లలో కూడా ఉంది. మోహన్ సింగ్ ఒబెరాయ్ 1922లో సిమ్లా సెసిల్ హోటల్‌లో నెలకు 50 రూపాయల క్లర్క్. 1934లో భార్య నగలతో సహా ఉన్నదంతా తాకట్టు పెట్టి క్లార్క్స్ హోటల్ కొన్నాడు. ఒబెరాయ్ 1966లో సొంతంగా హోటల్ స్కూల్ పెట్టాడు. అక్కడ నుంచి ఆట మారింది. కంటితో చూసి పట్టుకునే టాలెంట్, ఇప్పుడు క్లాస్‌రూమ్‌లో తయారయ్యే టాలెంట్. హైదరాబాద్‌లో కూడా 1970ల్లో హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది.

ఓనర్ పోయాక ఏం జరిగింది?

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. మనవాళ్లు బెంగళూరు పోతుంటారు కదా, చర్చ్ స్ట్రీట్‌లో ఇండియా కాఫీ హౌస్ ఉంటుంది. ఇంతకు ముందు ఎంజీ రోడ్‌లో ఉండేది, 2009లో ఇక్కడికి మారింది. తలపాగా పెట్టుకుని కాఫీ తెచ్చే వెయిటర్లు. సింపుల్ టేబుళ్లు. ఇన్‌స్టాలో ఫోటో పెట్టుకుని వచ్చేస్తారు చాలామంది. దాని కథ తెలుసుకోండి.

ఇండియాలో కాఫీ అమ్మకాలు పెంచడానికి 1936లో బొంబాయిలో మొదటి కాఫీ హౌస్ తెరిచారు. తర్వాత కాఫీ బోర్డు కింద దేశమంతా పెరిగాయి. 1950ల మధ్యలో నష్టాలొస్తున్నాయని బోర్డు మూసేయడం మొదలుపెట్టింది. వెయిటర్లు, వంటవాళ్లు రోడ్డున పడ్డారు. అప్పుడు కమ్యూనిస్ట్ నాయకుడు ఏ.కె. గోపాలన్ లాంటి వాళ్ల అండతో వర్కర్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957లో బెంగళూరులో మొదలు, అదే ఏడాది ఢిల్లీ, 1958లో కేరళలో త్రిశూర్. కాఫీ ఇచ్చేవాడే హోటల్ మెంబర్. బోర్డ్ నష్టమని వదిలేసిన వ్యాపారాన్ని వాళ్లు పట్టుకుని, ఈరోజుకీ నడుపుతున్నారు.

ఇక్కడ ఎక్స్‌ట్రా పని ఎట్లా ఉంటుంది? కప్పు పగలకుండా చూసుకుంటే ఆ కప్పు నీదే. కస్టమర్ తిరిగొస్తే ఆ లాభంలో నీ వాటా ఉంది. "ఓనర్‌షిప్ తీసుకో" అనే మాట ఐటీ ఆఫీసుల్లో పని చేసినవాళ్లు రోజుకి పదిసార్లు వింటారు. నేనూ విన్నా. షేర్ ఒక్కటీ ఇవ్వకుండా ఓనర్‌షిప్ ఎక్కడి నుంచి తీసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. కాఫీ హౌస్ వాళ్లు ఆ మాటని అక్షరాలా తీసుకున్నారు, అంతే. అక్కడా గొడవలున్నాయి, సంఘం రాజకీయాలున్నాయి, కొన్ని చోట్ల మూతపడ్డాయి కూడా. కానీ వెయిటర్‌కి ఓటు ఉంది.

2008 నవంబర్ 26 రాత్రి

తాజ్ మహల్ ప్యాలెస్ 1903 డిసెంబర్ 16న తెరిచారు. 105 ఏళ్ల తర్వాత ఆ హోటల్‌లోకి తుపాకులతో టెర్రరిస్టులు వచ్చారు. సినిమాలు చూసుంటారు, అందుకే దాడి సంగతి వదిలేసి, స్టాఫ్ ఏం చేశారో చెప్తా.

పనోళ్లకి ఆ హోటల్ వెనక మెట్లు, సర్వీస్ లిఫ్టులు, వంటింటి దారులు అన్నీ తెలుసు. తప్పించుకోవాలంటే అందరికంటే ముందు వాళ్లే తప్పించుకోగలరు. చాలామంది పోలేదు. ఒక బాంకెట్ హాల్‌లో పెద్ద కంపెనీ డిన్నర్ జరుగుతోంది. 24 ఏళ్ల అమ్మాయి, మల్లికా జగద్, ఆ డిన్నర్ ఇన్‌చార్జ్. తలుపులు మూయించి, లైట్లు ఆర్పించి, అతిథుల్ని నేల మీద పడుకోబెట్టి, రాత్రంతా నీళ్లిస్తూ ధైర్యం చెప్తూ ఉంది. తెల్లారి కిటికీలోంచి ఫైర్ సిబ్బంది దించేటప్పుడు ముందు గెస్టులు, తర్వాత స్టాఫ్. వంటింటి వాళ్లు గెస్టుల్ని బయటికి పంపేటప్పుడు చుట్టూ గోడలా నిలబడ్డారు. వాళ్లలో కొందరు అక్కడే చనిపోయారు. టెలిఫోన్ ఆపరేటర్లు తిరిగి సీట్లలోకి వచ్చి, రూముల్లో ఇరుక్కున్న వాళ్లకి ఫోన్లు చేస్తూ జాగ్రత్తలు చెప్పారు. జనరల్ మేనేజర్ కరంబీర్ కాంగ్ భార్య, ఇద్దరు కొడుకులు పై అంతస్తులో మంటల్లో చనిపోయారు. ఆయన డ్యూటీ వదల్లేదు.

హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 2011 డిసెంబర్‌లో రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా దీని మీద వ్యాసం రాశారు. తాజ్‌లో చనిపోయిన వాళ్లలో మూడో వంతు, అంటే 11 మంది దాకా, స్టాఫ్. 1,200 నుంచి 1,500 మంది గెస్టులు బయటపడటానికి సాయపడ్డారు. ఆ రాత్రి ఏం చేయాలో ఏ మాన్యువల్‌లోనూ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ వ్యాసంలో రాసిన కారణాలు చాలా ఇంట్రెస్టింగ్. ఒకటి, తాజ్ మామూలు స్టాఫ్‌ని పెద్ద సిటీల నుంచి కాకుండా చిన్న ఊళ్ల నుంచి ఎక్కువ తీసుకునేది. రెండు, ఇండస్ట్రీలో 12 నెలలు ట్రైనింగ్ ఇస్తుంటే వీళ్లు 18 నెలలు ఇచ్చేవాళ్లు. మూడు, గెస్ట్ ఒకరోజు ఉంటే స్టాఫ్‌తో 40 నుంచి 45 సార్లు ఎదురుపడతాడు. ప్రతిసారీ పక్కన సూపర్‌వైజర్ ఉండడు కాబట్టి, సొంతంగా నిర్ణయం తీసుకోవడం నేర్పించేవాళ్లు, ఆ నిర్ణయం కంపెనీ కంటే గెస్ట్ వైపు ఉన్నా సరే. నాలుగు, మంచి పని చేస్తే రెండు రోజుల్లోపే గుర్తించే పద్ధతి ఉండేది. ఏడాది చివర అప్రైజల్ దాకా ఆగేది లేదు. దాడి తర్వాత కంపెనీ బాధితుల కోసం ట్రస్ట్ పెట్టింది.

ఇక అదే వ్యాసంలో ఒక చిన్న లైన్ ఉంది. అది మన ఊళ్ల పిల్లలు రెండుసార్లు చదవాలి. రిక్రూట్‌మెంట్‌లో వాళ్లు మూడు గుణాలు చూసేవాళ్లట: పెద్దలంటే గౌరవం, ఎప్పుడూ హుషారుగా ఉండే స్వభావం, మూడోది అవసరం. అంటే ఆ జీతం ఇంటికి ఎంత అవసరమో చూస్తారు.

ఆగండి. ఇది రెండు వైపులా కోసే కత్తి. ఒక వైపు చూస్తే, సిటీ వాళ్లు పట్టించుకోని చిన్న ఊరి పిల్లోడికి తలుపు తెరిచారు. వెంకన్నను అడిగిన నవాబు లాగా. ఇంకో వైపు చూస్తే, ఇంట్లో కష్టం ఉన్నవాడు ఎదురు తిరగడు, మానేయడు, ఎక్కువ పని చేస్తాడు అనే లెక్క కూడా అందులో దాక్కుని ఉండొచ్చు. 18 నెలలు నేర్పించి, నమ్మి, కష్టంలో ఇంటి మనిషిలా నిలబడే కంపెనీ చేతిలో ఆ "అవసరం" ఒక అవకాశం అవుతుంది. అవేవీ ఇవ్వని ఓనర్ చేతిలో అదే "అవసరం" మెడకి తాడు అవుతుంది. క్వాలిఫికేషన్ ఒకటే. చేతులు వేరు.

పుస్తకాలు దీనికి ఏం పేరు పెట్టాయి?

కొంచెం థియరీ, రెండు నిమిషాలే. 1938లో చెస్టర్ బర్నార్డ్ అనే ఒక కంపెనీ ప్రెసిడెంట్ పుస్తకం రాశాడు. సంస్థ నిలబడేది మనుషులు ఇష్టపడి సహకరిస్తేనే అన్నాడు. 1980ల్లో డెన్నిస్ ఆర్గాన్ దీనికి ఒక పేరు పెట్టాడు: ఆర్గనైజేషనల్ సిటిజెన్‌షిప్ బిహేవియర్. అంటే జాబ్ డిస్క్రిప్షన్‌లో లేకపోయినా, రివార్డ్ గ్యారంటీ లేకపోయినా, పక్కవాడికి సాయం చేయటం, చిన్న చిన్నవాటికి గొణక్కపోవటం, సంస్థ మంచి కోరటం. 1988లో ఆయన రాసిన పుస్తకం ఉపశీర్షికలో "మంచి సిపాయి" అనే మాట ఉంటుంది. పేరులోనే తెలుస్తోంది కదా, సిపాయి ప్రశ్నలు అడగడు.

1983లో ఆర్లీ హోచ్‌చైల్డ్ ఎయిర్ హోస్టెస్‌ల మీద రాస్తూ, నవ్వు కూడా ఒక శ్రమే అని చూపించింది. మనసులో ఏముందో దాచి ముఖం మీద నవ్వు పెట్టుకోవడానికి కూడా ఒళ్లు అలిసిపోతుంది. రిసెప్షన్‌లో నిలబడేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

1997లో మెకిన్సీ వాళ్లు "వార్ ఫర్ టాలెంట్" అన్నారు. టాప్ స్టార్స్‌ని పట్టుకోండి, వాళ్లకే అన్నీ ఇవ్వండి అనే ధోరణి. వాళ్లు మెచ్చుకున్న కంపెనీల్లో ఎన్రాన్ ఒకటి. 2001 డిసెంబర్‌లో ఎన్రాన్ దివాలా తీసింది. తాజ్ రాత్రిని దీని పక్కన పెట్టి చూడండి. ఆ రాత్రి నిలబడింది వంటవాళ్లు, ఆపరేటర్లు, వెయిటర్లు. స్టార్ లిస్టులు తయారు చేస్తే వాళ్ల పేర్లు ఎవడూ రాసి ఉండడు.

ఇక 2006లో ఎరాన్ విగోడా-గడోట్ అనే ప్రొఫెసర్ ఈ కథలో చీకటి వైపు బయటపెట్టాడు: కంపల్సరీ సిటిజెన్‌షిప్. పేరుకి స్వచ్ఛందం, నిజానికి చేయకపోతే ఊరుకోరు. "అందరూ ఉంటున్నారు, నువ్వొక్కడివే పోతావా?" అనే మాట విన్నారా ఎప్పుడైనా? అదే ఇది. మొదట ఒకడు ఇష్టంతో ఒక గంట ఎక్కువ ఉంటాడు. మెచ్చుకుంటారు. వచ్చే నెల అందరూ ఉంటారు. ఆ తర్వాత నెల అది రూల్. ఇచ్చిన కానుక కాస్తా పన్ను అయిపోతుంది.

మన పక్క లెక్క

ఇదంతా ఎందుకు చెప్పినానంటే, ఇది మన ఊళ్ల బతుకు కాబట్టి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడుబూరు పక్క వాన పడకపోతే ఏం జరుగుతుందో తెలుసు. సుగ్గికి గుంటూరు మిరప చేలకి పోతారు, బెంగళూరు, హైదరాబాద్ పోతారు. చదువు మధ్యలో ఆగిన పిల్లోడికి తొందరగా దొరికే పనుల్లో హోటల్ పని ఒకటి. అన్నం, పడుకోవడానికి చోటు ఉంటాయి, అమ్మానాన్నలకి ధైర్యం. రిక్రూటర్లు చూసే ఆ మూడు గుణాలూ మనవాళ్లలో దండిగా ఉన్నాయి. పెద్దలంటే గౌరవం, హుషారు, అవసరం. కాబట్టి మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటే: నా ఎక్స్‌ట్రా పని కానుకా, పన్నా?

చరిత్ర నుంచి నాకు దొరికిన నాలుగు ప్రశ్నలు చెప్తా. ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ హోటల్‌కి వేసి చూసుకోండి.

మొదటిది, నేను ఒకరోజు "ఈరోజు కుదరదు అన్నా" అంటే ఏమవుతుంది? ఏమీ కాకపోతే అది నా ఇష్టంతో చేస్తున్న పని. షిఫ్ట్ కట్, తిట్లు, జీతం కోత ఉంటే ఇష్టం అనే మాట తీసేయండి.

రెండోది, నిచ్చెన ఉందా? రెండేళ్ల కింద గిన్నెల దగ్గర చేరినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు? ఇంకా గిన్నెల దగ్గరే ఉంటే, "నీకు మంచి ఫ్యూచర్ ఉంది తమ్ముడూ" అనే మాటకి ఆధారం లేదు.

మూడోది, నేర్పిస్తున్నారా? 18 నెలల ట్రైనింగ్ అడగట్లేదు. కనీసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, కొంచెం ఇంగ్లీష్, వంట: బయటికి పోయినా నాతో వచ్చే పని ఒక్కటైనా చేతికి వస్తోందా?

నాలుగోది, లెక్క ఎక్కడ ఉంది? రాష్ట్ర షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 1988 ప్రకారం నిర్ణీత గంటలు దాటితే ఓవర్‌టైమ్ మామూలు కూలికి రెట్టింపు. సేవాభావం వల్ల చట్టం రద్దు కాదు. పెద్ద రెస్టారెంట్లలో సర్వీస్ ఛార్జ్ అని వేసేవాళ్లు చూడండి, దాన్ని బలవంతంగా వసూలు చేయొద్దని 2022 జులైలో వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ కేసులో కస్టమర్, ఓనర్ గట్టిగా వినిపించారు. ప్లేట్ మోసేవాడి చేతికి అందులో ఎంత వెళ్లేది అనే ప్రశ్న మాత్రం ఇంకా అట్లనే ఉంది. కాబట్టి మనం కస్టమర్లుగా పోయినప్పుడు, నచ్చిన పనికి టిప్ నేరుగా ఆ చేతికే ఇద్దాం. పేరు అడిగి, ఓనర్‌కి ఆ పేరు చెప్పి పోదాం. గూగుల్ రివ్యూలో రూము గురించి రాసే మూడు లైన్లలో ఒకటి ఆ మనిషి గురించి రాద్దాం. రేపు వేరే హోటల్‌లో ఇంటర్వ్యూకి పోతే ఆ లైన్ అతనికి పనికొస్తుంది.

మన పక్క లాడ్జిలు, హోటళ్లు నడిపే అన్నలు కూడా ఈ వీడియోలు చూస్తారని తెలుసు. అన్నా, 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు భక్తులు మేడల మీదికి ఎక్కి నిలబడ్డ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అట్లాంటి రోజున సర్వ్ చేసేవాడి ఇల్లు కూడా నీళ్లలోనే ఉంటుంది. అయినా ఒకడు నీ గెస్ట్ కోసం నిలబడతాడా లేదా అనేది ఆ రోజు డిసైడ్ కాదు. మామూలు మంగళవారం, జనం లేని రోజు, వాడికి జ్వరం వచ్చినప్పుడు నువ్వు ఏం చేసినావు అనేదాంట్లో డిసైడ్ అవుతుంది. ఆరాధన అయిపోయాక డబల్ డ్యూటీకి డబల్ లెక్క కట్టి ఇచ్చినావా లేదా అనేదాంట్లో డిసైడ్ అవుతుంది.

వెంకన్న విషయంలో నవాబు చేసింది బెదిరించడం. స్వామి చేసింది ఆగి, ఆ పిల్లోడి కష్టం వినడం. లేఖ చదివించుకున్నది నవాబే, కానీ బృందావనం దగ్గర వెంకన్న ఎవరి కోసం నిలబడ్డాడో కథే చెప్తోంది.

ఓకే, ఈరోజుకి ఇంతే. మీలో హోటల్ పని చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉంటే మీ నిచ్చెన ఎట్లా ఉందో కామెంట్స్‌లో రాయండి. హోటల్ పేరు, ఓనర్ పేరు రాయొద్దు, మీ ఉద్యోగానికి ఇబ్బంది. పని గురించి రాయండి చాలు. హోటల్ పనికి బెంగళూరు బయల్దేరుతున్న తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఆ నాలుగు ప్రశ్నలు పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆదోని పత్తి మార్కెట్ గురించి మాట్లాడుకుందాం.